పార్టీ ఇచ్చాం సరే, ప్లాన్ ఇచ్చామా? బ్యానర్‌లార్డ్‌లో కంపానియన్ పార్టీలు నడిపే పద్ధతి



ముందుగా ఒక బ్యాడ్ న్యూస్ చెప్పాలి. లాస్ట్ ఎపిసోడ్ వరకు మన టీమ్‌లో ఉన్న సర్జన్ అక్క, అదేనండీ, పేరు చివర విల్లోబార్క్ అని ఉంటుంది కదా, ఆమె ఇక లేదు. మారునాథ్ దగ్గర యుద్ధంలో చనిపోయింది. స్క్రీన్ మీద చిన్న మెసేజ్ ఒకటి వచ్చి పోయిందంతే. నేను అప్పుడు వేరే ఊళ్లో కూర్చుని గుర్రాలు బేరమాడుతున్నా.

రీలోడ్ చేయొచ్చు కదా బ్రో అంటారు. చేయొచ్చు. కానీ ఈ కాంపెయిన్‌లో ఏం జరిగినా వెనక్కి వెళ్లకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నా. ఇంకో విషయం, రీలోడ్ చేస్తే ఆమె బతుకుతుంది గానీ నా తప్పు అలాగే ఉంటుంది. అందుకే ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ తప్పు మీదే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. మౌంట్ అండ్ బ్లేడ్ 2 బ్యానర్‌లార్డ్. టర్కీలోని అంకారాలో ఉండే టేల్‌వరల్డ్స్ వాళ్లు చేశారు. 2020 మార్చి 30న ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది, 2022 అక్టోబర్ 25న ఫుల్ రిలీజ్ అయింది. పీసీ, కన్సోల్ గేమ్ ఇది, మొబైల్‌లో రాదు. కథ కాల్రేడియా అనే ఊహాలోకంలో, వాళ్ల లెక్కలో 1084వ సంవత్సరంలో మొదలవుతుంది. చేతిలో ఏమీ లేని ఒక మనిషిగా మొదలుపెట్టి, సైన్యం పెంచుకుని, రాజుల దగ్గర కొలువు చేసి, ఓపికుంటే మనమే రాజు అవ్వొచ్చు.

ఈ గేమ్‌లో ఊళ్లలో సత్రాలు ఉంటాయి. అక్కడ వాండరర్స్ అని కొందరు దొరుకుతారు. డబ్బులిచ్చి మనతో చేర్చుకుంటే వాళ్లే కంపానియన్స్. మన క్లాన్ టియర్ సున్నాలో ఉన్నప్పుడు ముగ్గురిని పెట్టుకోవచ్చు. టియర్ ఒక్కటి పెరిగితే ఇంకొకరు. అంటే ఆరో టియర్‌కి తొమ్మిది మంది, పెర్క్‌లు కలపకుండా. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు, పెళ్లి చేసుకుంటే మన భార్య లేదా భర్త ఈ లెక్కలోకి రారు, వాళ్లు ఇంటి మనుషులు.

ఈ కంపానియన్స్‌లో ఒకరికి విడిగా సైన్యం ఇచ్చి పంపొచ్చు. ఎల్ నొక్కితే క్లాన్ స్క్రీన్ వస్తుంది, అందులో పార్టీల ట్యాబ్, అక్కడ కొత్త పార్టీ బటన్. మనిషిని ఎంచుకుని, మన సైనికుల్లో కొందరిని అటు పంపి, ఓకే కొడితే అయిపోయింది. రెండు నిమిషాల పని. అసలు సమస్యే అది. రెండు నిమిషాల్లో అయిపోయే పనికి రెండు నిమిషాల ఆలోచన కూడా పెట్టం మనం.

నేనేం చేశానో చూడండి. క్లాన్ మూడో టియర్‌కి వచ్చింది. వ్లాండియా రాజు కింద సామంతుడిగా ఉన్నా. పక్కనే బట్టానియాతో యుద్ధం. ఇంకో పార్టీకి స్లాట్ ఓపెన్ అయింది. ఆ ఊపులో నా దగ్గర అందరికంటే బాగా పనిచేస్తున్న మనిషి ఎవరా అని చూశా. సర్జన్ అక్క. వెంటనే ఆమెకి పార్టీ ఇచ్చేశా. నా మంచి సైనికుల్లో నలభై మందిని ఇచ్చా. జీతాల లిమిట్ ముట్టుకోలేదు. స్టాన్స్ ఎగ్రెసివ్‌లో పెట్టా. మనోళ్లు కదా, దూసుకెళ్తారు అనుకున్నా.

ఇందులో నాలుగు తప్పులున్నాయి. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి తప్పు: మనిషి ఎంపిక.

మన పార్టీలో నాలుగు పోస్టులు ఉంటాయి. క్వార్టర్‌మాస్టర్‌కి స్టీవార్డ్ స్కిల్ కావాలి, సర్జన్‌కి మెడిసిన్, స్కౌట్‌కి స్కౌటింగ్, ఇంజనీర్‌కి ఇంజనీరింగ్. పోస్ట్ ఖాళీగా ఉంటే గేమ్ పార్టీ లీడర్ స్కిల్‌నే తీసుకుంటుంది. నా హీరో మెడిసిన్ ఎంతో తెలుసా? పదిహేడు. అక్కకి నూటయాభై దాటింది. ఆమె వెళ్లిన మర్నాటి నుంచి నా పార్టీకి డాక్టర్ నేనే. అంతకుముందు గాయాలతో బయటపడే సైనికులు ఇప్పుడు చచ్చిపోవడం మొదలైంది. నేను మాత్రం బట్టానియా విలుకాళ్లు స్ట్రాంగ్ అయ్యారేమో అనుకుంటూ రెండు యుద్ధాలు లాగా. వాళ్లు ఎప్పుడూ స్ట్రాంగే, అది వేరే విషయం. ఇక్కడ మారింది మాత్రం నా డాక్టర్.

అటు అక్క పరిస్థితి ఇంకా ఘోరం. ఆమెకి వైద్యం వచ్చు, సైన్యం నడపడం రాదు. మనం దగ్గర లేని యుద్ధాన్ని గేమ్ లెక్కలతో తేల్చేస్తుంది. అక్కడ ట్యాక్టిక్స్ స్కిల్ ఉపయోగపడుతుంది. పార్టీ సైజు పెరగాలంటే స్టీవార్డ్, లీడర్‌షిప్ కావాలి. ఆమెకి ఆ మూడూ అంతంత మాత్రమే. అంటే మంచి డాక్టర్‌ని తీసి, బలహీనమైన సేనాధిపతిని తయారు చేశా. రెండు వైపులా నష్టమే.

కాబట్టి పార్టీ ఎవరికి ఇవ్వాలి అనే ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి వెళ్తే నా దగ్గర ఏ పని ఆగిపోతుంది? ఆగే పని ఏమీ లేకపోతే ఆ మనిషి మొదటి క్యాండిడేట్. తర్వాతే స్కిల్స్ చూడండి. స్టీవార్డ్, లీడర్‌షిప్, ట్యాక్టిక్స్, ఈ మూడిట్లో రెండు బాగున్నా చాలు. ఇంటి మనుషులు ఉంటే ఇంకా మంచిది, కంపానియన్ కోటా ఖర్చవ్వదు. ఒకేసారి అన్నీ వచ్చినవాళ్లు దొరకరు. పార్టీ నడుపుతూ ఉంటే ఆ స్కిల్స్ వాళ్లకి మెల్లగా పెరుగుతాయి. మొదట్లో చిన్న సైన్యం, తక్కువ రిస్క్ ఇచ్చి నేర్చుకోనివ్వండి.

రెండో తప్పు: జీతాలు.

కంపానియన్ పార్టీ ఫ్రీ సైన్యం కాదు. వాళ్ల జీతాల భారం చివరికి మన క్లాన్ ఖజానా మీదే పడుతుంది. లూటీ బాగా చేసి వాళ్ల దగ్గర డబ్బు మిగిలితే కొంత మనకి వస్తుంది, నిజమే. కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి.

లెక్క చూడండి. రోజు జీతం టియర్ 1 సైనికుడికి 2 దినార్లు, టియర్ 2కి 3, టియర్ 3కి 5, టియర్ 4కి 8, టియర్ 5కి 12, టియర్ 6కి 17. ఎనభై మంది పార్టీ అనుకుందాం. టియర్ 1 వాళ్లు ఇరవై మంది, 40 దినార్లు. టియర్ 3 వాళ్లు నలభై మంది, 200. టియర్ 5 వాళ్లు ఇరవై మంది, 240. మొత్తం రోజుకి 480. ఈ గేమ్‌లో ఒక్కో సీజన్‌కి 21 రోజులు, నాలుగు సీజన్లు కలిపి ఏడాదికి 84 రోజులు. 480ని 84తో గుణిస్తే 40,320 దినార్లు. ఒక మామూలు కారవాన్ పెట్టడానికి 15,000 అవుతుంది. అంటే ఒక్క పార్టీ ఏడాది జీతంతో రెండు కారవాన్లు పెట్టి ఇంకా పదివేలు మిగుల్చుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. పార్టీ బాగా ఆడే కొద్దీ సైనికులు పై టియర్‌కి వెళ్తారు, జీతం కూడా దాంతో పాటే పెరుగుతుంది. మనం ఏ బటన్ నొక్కకపోయినా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఫోన్‌లో ఫ్రీ ట్రయల్ ఆన్ చేసి మర్చిపోయి, నెల తర్వాత అకౌంట్‌లో డబ్బు కట్ అయ్యాక గుర్తు తెచ్చుకుంటాం చూడండి, అచ్చం అలాగే.

దీనికి మందు గేమ్‌లోనే ఉంది. అదే క్లాన్ స్క్రీన్‌లో పార్టీని సెలెక్ట్ చేస్తే జీతాల లిమిట్ అని స్లైడర్ ఉంటుంది. పార్టీ ఇచ్చిన రోజే దాన్ని సెట్ చేయండి. నా పద్ధతి సింపుల్. ఊళ్లు, వర్క్‌షాపులు, కారవాన్ల నుంచి రోజూ వచ్చే ఆదాయంలో నా సొంత పార్టీ ఖర్చు తీసేస్తా. మిగిలినదాంట్లో సగం దాటకుండా కంపానియన్ పార్టీలకి లిమిట్ పెడతా. యుద్ధంలో లూటీ ద్వారా వచ్చే డబ్బుని ఈ లెక్కలో కలపను. ఎందుకంటే శాంతి ఒప్పందం కుదిరిన రోజు లూటీ ఆగిపోతుంది, జీతాలు ఆగవు.

మూడో తప్పు: స్టాన్స్.

పార్టీకి మూడు ధోరణులు ఇవ్వొచ్చు: ఎగ్రెసివ్, న్యూట్రల్, డిఫెన్సివ్. ఇది మనం ఇచ్చే ఆర్డర్ కాదు, వాళ్ల మనస్తత్వం మీద చిన్న మొగ్గు అనుకోండి. మ్యాప్ మీద క్లిక్ చేసి ఫలానా కోటకి వెళ్లు అని నేను చెప్పలేను. ఎటు వెళ్లాలి, ఎవరిని తరమాలి, ఎప్పుడు పారిపోవాలి అన్నీ వాళ్లే నిర్ణయించుకుంటారు. ఎగ్రెసివ్ పెడితే శత్రువు మీదకి వెళ్లే బుద్ధి పెరుగుతుంది. బలమైన పార్టీకి అది ఓకే. నలభై మందితో, ట్యాక్టిక్స్ రాని లీడర్‌తో, శత్రు సరిహద్దులో ఎగ్రెసివ్ పెడితే? నేనే ఆమెని గోతిలోకి తోసినట్టు.

మారునాథ్ అనే పేరు వింటే మన ఊరి మాస్టారి పేరులా ఉంటుంది గానీ, బట్టానియాకి అది గుండెకాయ లాంటి పట్టణం. చుట్టూ అడవి, అడవి నిండా వాళ్ల పార్టీలు. అక్క అక్కడ ఒక చిన్న పార్టీని వెంటాడింది, పెద్ద ఆర్మీకి ఎదురుపడింది. అంతే.

మామూలుగా ఇలా ఓడిపోతే లీడర్ ఖైదీ అవుతారు, పార్టీ పోతుంది. కొన్నాళ్లకి వాళ్లే తప్పించుకుని రావచ్చు, డబ్బు కట్టి విడిపించుకోమని మనకి ఆఫర్ రావచ్చు, లేదా మనమే వెళ్లి జైలు బద్దలుకొట్టి తీసుకురావచ్చు. కానీ కాంపెయిన్ మొదట్లో జనన మరణాలు ఆన్‌లో పెట్టుకుంటే, యుద్ధంలో చనిపోయే ఛాన్స్ కూడా ఉంటుంది. నేను ఆన్‌లోనే పెట్టుకున్నా. ఆ ఛాన్స్ ఆరోజు ఆమెకి తగిలింది.

కాబట్టి కొత్త పార్టీని డిఫెన్సివ్‌తో మొదలుపెట్టండి. మన నేల మీద తిరుగుతూ దొంగల్ని కొడుతూ, మన ఊళ్లని కాస్తూ ఉంటే సైన్యం కొంచెం గట్టిపడుతుంది. తర్వాత న్యూట్రల్. ఎగ్రెసివ్ అనేది వాళ్లు సంపాదించుకోవాలి, మనం గిఫ్ట్‌గా ఇచ్చేది కాదు.

నాలుగో తప్పు, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: ఇచ్చేసి మర్చిపోవడం.

పార్టీ ఇచ్చాక దాదాపు రెండు సీజన్లు నేను ఆమెని ఒక్కసారి కూడా కలవలేదు. మ్యాప్ మీద ఎదురైతే వెళ్లి మాట్లాడొచ్చు, సైన్యాన్ని చూడొచ్చు, సైనికుల్ని ఇచ్చిపుచ్చుకోవచ్చు. నేను నా మానాన పోయా. తర్వాత చూస్తే తెలిసింది, నేనిచ్చిన మంచి సైనికుల్లో సగం ఎప్పుడో పోయారు. వాళ్ల ప్లేస్‌లో ఊళ్లలో దొరికిన పచ్చి కుర్రాళ్లు ఉన్నారు. క్లాన్ స్క్రీన్‌లో సైనికుల సంఖ్య అలాగే ఉంది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నా. నంబర్ అదే, పార్టీ మాత్రం అదే కాదు.

ఇక్కడ ఒక సొంత విషయం చెప్పాలి, ఎందుకంటే ఆ మెసేజ్ చూసినప్పుడు నాకు గేమ్ గుర్తురాలేదు, ఆఫీస్ గుర్తొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మొదటిసారి ముగ్గురికి లీడ్ చేశారు. అందులో ఒక తమ్ముడు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చాడు, షార్ప్. షార్ప్‌గా ఉన్నాడని ఒక మాడ్యూల్ మొత్తం అతని మీద పెట్టేశా. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు నన్ను అడగాలో చెప్పలేదు. స్టేటస్ షీట్‌లో అన్నీ పచ్చగా కనబడుతున్నాయి, నేను చూసి ఊరుకున్నా. రిలీజ్‌కి ముందు రాత్రి మొత్తం కూలింది. తెల్లవారే దాకా అతను కూర్చున్నాడు. మర్నాడు మీటింగ్‌లో మాటలు పడింది కూడా అతనే. నేను పక్కనే ఉన్నా. అది నా ప్లానింగ్ తప్పు సార్ అని ఒక్క ముక్క అనాల్సింది, అనలేదు. తర్వాత విడిగా సారీ చెప్పా. పర్లేదన్నా అన్నాడు. కానీ మీటింగ్‌లో చెప్పాల్సిన మాట విడిగా చెప్తే సగమే చెల్లుతుంది కదా.

నమ్మకం అని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం చాలా ఈజీ, ఫ్రెండ్స్. ఎదుటివాళ్ల మీద నమ్మకం ఉంటే వాళ్లకి కావాల్సినవి ఇచ్చి పంపాలి. లేకపోతే అది నమ్మకం కాదు, బద్ధకం.

అలా అని దీనికి ఇంకో చివరకి కూడా వెళ్లకండి. కొందరు ప్రతి మూడు రోజులకీ పార్టీ వెనకాల పరిగెత్తి సైనికుల్ని మారుస్తుంటారు. అంత చేస్తే రెండో పార్టీ ఎందుకు? ఆ టైమ్‌లో మన యుద్ధం ఆగిపోతుంది. నేను ఇప్పుడు సీజన్‌కి ఒకసారి చూస్తా. 21 రోజులకి ఒక్క చెకప్. మూడే మూడు ప్రశ్నలు: సైనికుల టియర్‌లు ఎలా ఉన్నాయి? జీతం లిమిట్‌కి ఎంత దగ్గరలో ఉంది? లీడర్ స్కిల్ పాయింట్లు వాడకుండా మిగిలి ఉన్నాయా? అంతే. మిగతా రోజులు వాళ్ల తిప్పలు వాళ్లవి.

ఇప్పుడు ఒక మంచి మాట. మీరు ఒక రాజ్యంలో సామంతుడిగా ఉంటే ఆర్మీ కట్టొచ్చు. వేరే క్లాన్ల పార్టీలని పిలవడానికి ఇన్‌ఫ్లుయెన్స్ ఖర్చవుతుంది. మన సొంత క్లాన్ పార్టీలని పిలవడానికి సున్నా. కంపానియన్ పార్టీల అసలు విలువ నాకు కనబడింది ఇక్కడే. మామూలు రోజుల్లో డిఫెన్సివ్‌లో మన ఊళ్ల దగ్గర తిరుగుతుంటారు. ముట్టడి వచ్చినప్పుడు పైసా ఇన్‌ఫ్లుయెన్స్ లేకుండా పిలుస్తాం, పని అయ్యాక వదిలేస్తాం. ఆర్మీలో ఉన్నంతసేపు వాళ్లు మన వెంటే నడుస్తారు కాబట్టి, ఎటు పోతారో అనే టెన్షన్ లేదు. సొంతంగా యుద్ధాలు గెలుస్తారని కాకుండా, పిలిస్తే నిండుగా వచ్చే రిజర్వ్ అని వాళ్లని చూడండి. మీ నిర్ణయాలు వాటంతటవే మారతాయి.

ఒకవేళ మీరే రాజు అయ్యారనుకోండి, ఇంకో మెట్టు ఉంది. కంపానియన్‌కి ఒక కోటో పట్టణమో ఇచ్చి, సొంత క్లాన్ ఉన్న దొరగా చేయొచ్చు. మన హిస్టరీలో నాయంకర పద్ధతి చదువుకున్నాం కదా. కాకతీయుల కాలంలో, తర్వాత విజయనగరంలో అమరనాయకులు. రాజు భూమి ఇస్తాడు, నాయకుడు దాని ఆదాయంతో సైన్యాన్ని పోషించి, పిలిస్తే యుద్ధానికి రావాలి. ఇదీ దాదాపు అంతే. అప్పటిదాకా మన జేబులోంచి పోయిన జీతాలు ఇక ఆ దొరే చూసుకుంటాడు. కానీ అప్పటినుంచి అతను మన క్లాన్ మనిషి కాదు, పిలవాలంటే ఇన్‌ఫ్లుయెన్స్ కట్టాలి. డబ్బు ఆదా అవుతుంది, పట్టు తగ్గుతుంది. రెండూ ఒకేసారి దొరకవు.

సరే, మొత్తం ఒకసారి చెప్పుకుందాం. వెళ్తే మన దగ్గర ఏ పనీ ఆగని మనిషిని పంపండి. మొదటి రోజే జీతాల లిమిట్ పెట్టండి. డిఫెన్సివ్‌తో మొదలుపెట్టండి. సీజన్‌కి ఒకసారి వెళ్లి చూడండి. గేమ్‌కి అప్‌డేట్‌లు వస్తుంటాయి, మెనూలు అటూ ఇటూ మారొచ్చు, ఈ నాలుగు మాత్రం ప్రతి కాంపెయిన్‌కీ పనికొస్తాయి.

ప్రస్తుతం నా కాంపెయిన్‌లో రెండో పార్టీ ఒక తమ్ముడి చేతిలో ఉంది, గేమ్‌లో నా హీరో సొంత తమ్ముడు. మొదట ముప్పై మందితో పంపా. లిమిట్ రోజుకి 200 దినార్లు. నిన్న చెకప్‌కి వెళ్తే టియర్ 3 వాళ్లు పదిమంది తయారయ్యారు. ఇంకా డిఫెన్సివ్‌లోనే ఉన్నాడు. తొందరేం లేదు.

కొత్త సర్జన్ కోసం సత్రాలు తిరుగుతున్నా. దొరికితే ఈసారి పార్టీ ఇవ్వను, నా పక్కనే ఉంచుకుంటా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో మళ్లీ మారునాథ్ వెళ్తున్నాం, ఈసారి తమ్ముడిని ఆర్మీలో కలుపుకుని, ప్లాన్‌తో. కలుద్దాం ఫ్రెండ్స్. బై.